రత్నవ్వ చెవికి అన్నీ మోగినయి

రత్నవ్వ మా అమ్మకు అక్క, నాకు పెద్దమ్మ. ఆర్మూర్లో పెర్కిట్ దిక్కున్న రాజేశ్వర్ సేటు పసుపు పాలిష్ మిల్లులో పంతొమ్మిదేండ్ల సంది ఆమె చేసే పని ఒక్కటే. కొమ్ము విరుచుడు, చెప్పుడు.

తెల్వనోళ్లకు జర చెప్పాలె. పసుపును తవ్వి, ఉడకబెట్టి, ఎండబోస్తరు. పదిహేను రోజులు ఎండినంక పాలిష్ డ్రమ్ములో పోసి తిప్పితే పొట్టు రాలి పచ్చగ నిగనిగలాడతది. సరిగ ఎండకముందే తిప్పి సంచులకెత్తితే లోపలి తడికి బూజు పడతది. పైనుంచి చూస్తే ఎండినదీ ఎండనిదీ ఒక్క తీరుగనే ఉంటయి. అందుకే కొమ్మును చెవి దగ్గర పెట్టుకొని విరుస్తరు. ఎండిన కొమ్ము రేకు మీద గోరు కొట్టినట్టు సన్నగ ఖణేల్ మంటది. ఎండనిది చప్పుడు లేకుండ తెగుతది. మిల్లులో దీనికి రెండే మాటలు. మోగింది. మోగలే.

రత్నవ్వ "మోగింది" అంటే ట్రాలీ లోపలికొస్తది. "మోగలే" అంటే మెండోర నుంచి వచ్చినా, కమ్మర్‌పల్లి నుంచి వచ్చినా మలుపుకొని పోవాల్సిందే. పెద్ద పెద్దోళ్ల ట్రాలీలు గూడ తిప్పి పంపింది. దానికి ఆమె గర్వపడంగ నేను చూడలే. ఆకలైతుంటే మాత్రం ఎక్కువ విసుక్కునేది.

ఆమె స్టూలుకు ఐదడుగుల దూరంలో డ్రమ్ము. డ్రమ్మంటే చిన్న అర్రంత ఇనుప పీపా, మోటరు మీద తిరుగుతది. లోపల క్వింటాళ్ల కొద్ది కొమ్ములు ఇనుముకు కొట్టుకుంటుంటయి. పక్కనోడు ఏమంటున్నడో వాని నోరు చూసి తెలుసుకోవాలె. గంత చప్పుడులో కొమ్ము మోత ఎట్ల వింటవే అని నేను ఒకసారి అడిగిన.

"విరిచేటప్పుడు మోటరు బంద్ వెట్టిస్త గదరా గాడిది. గా మాత్రం తెల్వకనే నువ్వు కాలేజి ఇడిసిపెట్టింది" అన్నది.

నేను కాలేజి ఇడిసింది వేరే కారణానికి. అది ఈడ అవసరం లేదు.

పోయినేడు శివరాత్రికి ముందు, ఒక పొద్దుగాల ఆమెకు ఇంట్లో ఏదో మోగుతున్నట్టు వినొచ్చింది. సన్నగ, ఆగకుండ. ముందుగాల లచ్చన్న ఫోనును అనుమానించింది. లచ్చన్న ఆమె పెనిమిటి. పద్నాలుగేండ్లు దుబాయిలో మూటలు మోసి, మోకాలు ఖరాబు చేసుకొని వచ్చి, ఇప్పుడు ఇంటికాడ కుర్చీలో ఉంటడు. ఫోను బంద్ చేసినా మోత ఆగలే. తర్వాత ఫ్రిజ్జు. దాని ప్లగ్గు పీకింది. మోత ఆగలే, పాలు పగిలినయి. తర్వాత గల్లీ మూలకున్న ట్రాన్స్‌ఫార్మర్. లైన్‌మన్‌ను పిలిచి నిలదీసింది. ఆయన పాపం స్తంభానికి చెవి ఆనించి చాలాసేపు విని, "నాకేం వినొస్తలేదమ్మా" అన్నడు.

"నీకు చెవుడు బిడ్డా. చూపించుకో" అని ఆయనకు సలహా చెప్పి పంపింది.

వారం రోజులు పోయినంక, మిల్లులో మోటరు బందైనప్పుడు తెలిసింది, ఆ మోత ఆమెతోపాటే మిల్లుకు గూడ వస్తున్నదని. మిల్లులో డ్రమ్ములో సంచులు గుమ్మరించే ఎస్తేరు, ఫోను టార్చి వేసి రెండు చెవుల్లో చూసింది.

"పురుగేమన్న దూరిందా?" 

"ఏం లేదక్కా. ఖాళీగుంది."

ఎల్లిపాయ వేసి కాచిన నూనె పోసుకున్నది. మోత నూనెలో గూడ మంచిగనే వినొచ్చిందట. ఇగ దవాఖానకు పోవుడు తప్పలే. మా ఇంట్లో ఎప్పుడు చూసినా ఖాళీగ ఉండేది నేనే కాబట్టి తోలుకపోయే పని నాకు పడ్డది. మాక్లూర్ మీదికెల్లి నిజామాబాద్ పోయినం. ఖలీల్‌వాడిలో చెవుల డాక్టర్. పెద్దాయన, నిమ్మళంగ మాట్లాడతడు.

"ఎప్పటి నుంచి మోగుతుందమ్మా?" 

"ఈసారి జల్ది మోగింది సార్. శివరాత్రికి ముందే. ఎండ మస్తు కొట్టింది."

డాక్టర్ పెన్ను ఆపిండు. "ఎండకు మోగిందా?"

"ఎండకుంటే ఎట్ల మోగుతది సార్?" అన్నది పెద్దమ్మ, ఈయన చదివిందేందో అన్నట్టు నా దిక్కు చూసుకుంట.

కొమ్ము సంగతి వేరు, చెవి సంగతి వేరు అని నేను ఇద్దరికీ చెప్పాల్సి వచ్చింది. తర్వాత ఆమెను అద్దాల డబ్బాలో కూసోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చిండ్రు. చప్పుడు వినొచ్చినప్పుడల్లా ఒత్తాలె. పెద్దమ్మ ఒత్తింది. ఒత్తిన బటన్ ఇడువలే.

పరీక్ష చేసే అమ్మాయి అద్దం మీద కొట్టింది. "అమ్మా, నేనింకా మిషన్ ఆన్ చేయలేదు."

"నాకు వినొస్తుంటే నేనేం జెయ్యాలె?" 

అన్నీ చూసినంక డాక్టర్ చెప్పిండు. చెవి లోపల సన్న వెంట్రుకల లాంటివి ఉంటయట. ఏండ్ల తరబడి పెద్ద చప్పుడు పక్కన ఉంటే అవి చచ్చిపోతయట. సన్నని మోతలు వినేటివి ముందు పోతయి. పోయిన జాగలో మెదడు తనంతట తానే ఒక మోత పెట్టుకుంటది.

"ఇది పోయేది కాదమ్మా. అలవాటు చేసుకోవాలి. దాన్ని పట్టించుకోవద్దు. పట్టించుకోకపోతే మెల్లగా అదే వెనక్కి పోతుంది."

"ముప్పై ఏండ్ల సంది మా ఇంటాయనను పట్టించుకుంటలేను సార్. ఆయన ఏడికన్న పోయిండా?"

డాక్టర్ చీటీ రాసుడు మొదలుపెట్టిండు. డ్రమ్ముకు దూరం ఉండుమన్నడు, చెవులకు రబ్బరు బిరడలు పెట్టుకొమ్మన్నడు, ఇంట్లో మరీ నిశ్శబ్దంగ లేకుండ ఫ్యాను వేసుకొమ్మన్నడు. లేచేటప్పుడు ఆమె ఒక్కటే మాట అడిగింది.

"సన్నగ మోగేటియి నాకు ఇగ వినొస్తయా సార్?"

"కష్టమమ్మా."

వచ్చేటప్పుడు బస్సు మాక్లూర్ దాటినంక అన్నది, "కొమ్ము సన్నగనే మోగుతదిరా."

నేను పల్లీల పొట్లం ఇచ్చిన. తిన్నది. ఆర్మూర్ బస్టాండులో దిగినంక నా అంగీ కాలర్ పట్టుకున్నది.

"మిల్లుల ఈ సంగతి చెప్పినవో, నీ కాళ్లిరుస్త. చెవి లేనిదానికి గా స్టూలు మీద ఏం పనంటరు. ఇగ నన్నెవ్వడు అడుగుతడు?"

చెప్పను అన్న. చెప్పలే గూడ. చెప్పాల్సి ఉండె.

ఎందుకంటే తర్వాత నెల రోజులు ఏమైందో చూడండి. ఆమె కొమ్ము చెవి దగ్గర పెట్టి విరుస్తది. చెవిలో మోత ఉండనే ఉంది. అది కొమ్ము మోత తీరుగనే సన్నగ ఉంది. ఏ కొమ్ము విరిచినా మోగింది. మక్కలు విరిచినా మోగేటివి. ఆమె "మోగింది" అన్నది. తర్వాతి ట్రాలీకి "మోగింది" అన్నది. పంతొమ్మిదేండ్లలో నాలుగింట ఒక ట్రాలీని వాపస్ పంపిన మనిషి, మార్చి నెలలో ఒక్కదాన్ని గూడ పంపలే.

ఆమె పేరు ఖరాబు అయితదనుకుంటరు. ఉల్టా అయింది. రైతులకు ఆమె మీద మస్తు ప్రేమ పుట్టింది. కమ్మర్‌పల్లి కాంచి, మెండోర కాంచి ట్రాలీలు క్యూ కట్టినయి. "రత్నవ్వ చెవి ఇప్పుడు మంచిగైంది" అని ఊర్లల్లో చెప్పుకున్నరు. ఒకాయన ఇంటికి సొరకాయ తెచ్చిచ్చిండు. డ్రమ్ము ఆగకుండ తిరుగుతుంటే రాజేశ్వర్ సేటు ఆమెకు రోజుకు రెండో చాయ్ మొదలుపెట్టిండు. పెద్దమ్మ ఆ రెండో చాయ్ తాగేది కాదు. ఎస్తేరుకు ఇచ్చేది. నేను ఎందుకే అని అడిగితే, "నాది గాదురా అది" అన్నది.

మార్చి ఆఖర్ల మెండోర దయానంద్ వచ్చిండు. ట్రాలీ తోటి గాదు, బండి మీద, ముంగట ఒక్క సంచి పెట్టుకొని. పన్నెండు రోజుల కింద ఆయన పసుపు ఇదే మిల్లులో పాలిష్ అయింది. ఆ రోజు నేను ఆడనే ఉన్న. దయానంద్ లొల్లి చేసే మనిషి గాదు. సంచి గేటు కాడ దించి, మోటరు బందయ్యేదాకా నిలబడ్డడు. పెద్దమ్మ అటు దిక్కు తిరిగి కూసోని ఉంది. ఆయన సంచిలోకెల్లి ఒక కొమ్ము తీసి, మెల్లగ నడిచివచ్చి, ఎనుకకెల్లి ఆమె చెవి దగ్గర పెట్టిండు.

"అక్కా, గిదేమైంది చెప్పు."

"మోగింది" అన్నది పెద్దమ్మ, తిరిగి చూడకుండనే.

దయానంద్ ఆ కొమ్మును విరువనే లేదు. వేళ్ల నడుమ వంచి పట్టుకున్నడు, అంతే. అది రబ్బరు ముక్క తీరు వంగి ఉంది. పక్కకు తెల్లగ బూజు.

ముందు హమాలీలు నవ్విండ్రు. తర్వాత వాళ్లకు సమజై ఊకున్నరు. పెద్దమ్మ తిరిగి చూసింది. కొమ్మును చూసింది, దయానంద్ మొఖం చూసింది.

"ఎన్ని సంచులు?" అని అడిగింది.

"అన్నీ."

రాజేశ్వర్ సేటు వచ్చిండు. అరవలే, అది గూడ చెప్పాలె. "రత్నవ్వా, నాలుగు రోజులు ఇంటికాడ ఉండు. రెస్ట్ తీసుకో" అన్నడు. మా ఊర్లో నాలుగు రోజులు అంటే ఎన్ని రోజులో అందరికీ తెలుసు. ఎస్తేరును స్టూలు మీద కూసోబెట్టిండ్రు. ఎస్తేరు కూసునే ముందు, ఆ స్టూలును కొంగుతోని తుడిచింది. పెద్దమ్మకు అది నచ్చలే.

ఇంటికాడ ఇంకా కష్టమైంది. డ్రమ్ము చప్పుడులో ఆమెకు చెవి మోత తెలిసేది కాదు. దేంతోటి చెవి పోయిందో దాని పక్కన ఉన్నప్పుడే నిమ్మళం. ఇంటికాడ మధ్యాహ్నం పూట లచ్చన్న నిద్రపోతే, గోడ గడియారానికి, ఆమె చెవికి తప్ప ఇంట్లో ఎవ్వరికీ పని లేదు. ఎన్నడో ఇడిసిన బీడీల చాట మళ్లా ఒళ్లో పెట్టుకున్నది. ఆకు కత్తిరించుడుకు చప్పుడుండదు, దారం చుట్టుడుకు చప్పుడుండదు. రెండు రోజులకు చాట పక్కకు నూకింది.

నేను ఫోనులో వెతికి, చెవి మోత ఉన్నోళ్లు పెట్టుకునే చప్పుళ్లు దొరకబట్టిన. వాన చప్పుడు మంచిదని అందరు రాసిండ్రు. ఒక మధ్యాహ్నం ఆమె కన్ను మూసినంక మెల్లగ పెట్టిన. ఆమె ఒక్క దెబ్బన లేచి, చెప్పుల్లేకుండ వాకిట్లకు ఉరికింది.

"టార్పాలిన్లేవిరా! కప్పుండ్రి, పసుపు తడుస్తది!"

బయట ఎండ పగలకొడుతున్నది. వాళ్ల వాకిట్లో పసుపు ఏనాడూ ఎండబోయలే. ఆమె వచ్చి నా ఫోను దిక్కు చూసి, "గిసొంటి చప్పుడుకు పానం నిమ్మళమైతదని చెప్పినోడు పసుపు పండించినోడు గాదు" అన్నది.

ఆ తర్వాత నేను గేటు కాడ దయానంద్ పడేసి పోయిన సంచి ఇంటికి తెచ్చిన. అందులో కొమ్ములు, ఎస్తేరు ఇచ్చిన మంచి ఎండు కొమ్ములు కలిపిన. అన్ని రోజులు గేటు కాడ ఎండకు ఉండి దయానంద్ కొమ్ములు పైపైన గట్టిపడ్డయి, బూజు తుడిచినంక ఏది ఏదో నాకే తెల్వదు. పెద్దమ్మ ముంగట పోసి, విరిచి చెప్పుమన్న. ఆమె చెప్పినంక నేను బ్లేడుతోని కోసి చూస్త. ఎండనిదైతే నడుమ నల్లగ మెత్తగ ఉంటది.

మొదటిసారి ఇరవైకి తొమ్మిది సరిగ చెప్పింది. కండ్లు మూసుకొని, ఊపిరి బిగపట్టి, చెవి కాడ పెట్టుకొని విరిచింది. అప్పుడు గూడ తొమ్మిదే. చెవుల్లో దూది పెట్టుకున్నది. పది.

"బొమ్మ బొరుసు ఏసినా గిన్నే వస్తయి" అన్న నేను.

"ఊకో. నువ్వు డిగ్రీల తెచ్చుకున్న మార్కుల కంటె ఎక్కువనే."

అప్పుడు లచ్చన్న లేచి, చాయ్ కావాలన్నడు. అది ఆ రోజు ఐదో చాయ్. పెద్దమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది. "దుబాయిల గూడ గిట్లనే చాయ్ దెమ్మని కూసున్నవా? ఆడి సేటు తన్ని తరిమింది గందుకేనా? మోకాలు ఖరాబైతే నాలిక గూడ ఖరాబైందా, మంచినీళ్లు తాగరాదా?" అనుకుంట, చేతిలో ఉన్న కొమ్ము విరిచి ఎడమ దిక్కు పడేసింది. ఇంకోటి విరిచి కుడి దిక్కు పడేసింది. "నేను కుర్చీల కూసోని వారం కాలే, నువ్వు కుర్చీల కూసోని ఆరేండ్లు" అనుకుంట ఇంకో రెండు. ఆమె చెవి దగ్గర పెట్టుకుంటలేదు. కొమ్ము దిక్కు చూస్త గూడ లేదు. పంతొమ్మిదేండ్ల అలవాటుకు చేతులు వాటంతట అవే విరిచి, పక్కలకు పడేస్తున్నయి.

నేను రెండు కుప్పలు కోసి చూసిన. ఎడమ దిక్కువన్నీ పచ్చివి. కుడి దిక్కువన్నీ ఎండినవి. పదహారుకు పదహారు.

చెప్తే ఆమె నమ్మలే. ఇంకోసారి చేసినం. ఊకె కూసోని విరిస్తే తప్పుతున్నది. లచ్చన్నను తిట్టుకుంట విరిస్తే ఒక్కటి తప్పుతలేదు. చెవి పెట్టి వింటే మోత అడ్డం వస్తున్నది. విననప్పుడు బొటనవేలుకు తెలుస్తున్నది. ఎండిన కొమ్ము ఒక్క దెబ్బకు తెగుతది, పచ్చిది తెగే ముందు జర ఆగుతది. ఆ తేడా ఆమె చేతికి ఎప్పటి సందో తెలుసు. చెవి ఉన్నన్ని రోజులు ఎవ్వరు చేతిని అడగలే.

నాలుగు రోజులు గిదే పని. లచ్చన్న మొదట్ల ఎదురు చెప్పేటోడు. తర్వాత తన పనేందో సమజై, పొద్దుగాలనే మొఖం కడుక్కొని వచ్చి ఎదురుంగ కూసునేటోడు. "ఇయ్యాల దేని మీద తిడతవ్?" అని అడిగేటోడు.

ఈలోపల మిల్లులో డ్రమ్ము తిరుగుడు బందైంది. ఎస్తేరుకు భయం. దయానంద్ మొఖం ఆమె గూడ చూసింది గద. వచ్చిన ప్రతి ట్రాలీకి "మోగలే" అన్నది. మూడు వారాలు ఎండిన పసుపుకు గూడ "మోగలే" అన్నది. సేటు తేమ చూసే మీటరు తెప్పిచ్చిండు. అది ఒక్క కుప్పకు నాలుగు సార్లు నాలుగు తీర్లు చూపెట్టింది. రైతులు వేరే మిల్లులకు మళ్లుతున్నరు. సేటు పెద్దమ్మ ఇంటికి కబురు పంపిండు. అది ప్రేమ తోటి గాదు.

పెద్దమ్మ పోయింది. నా బండి మీద ఎనుక ఆమె, ఆమె ఎనుక లచ్చన్న. గేటు కాడ దిగి, నలుగురు రైతులు, హమాలీలు వింటుండంగనే చెప్పింది.

"సేటూ, నా చెవి పోయింది. శివరాత్రి సంది మోగుతనే ఉంది. మార్చి నెలల నేను మోగింది అన్నయన్ని నాకు వినొచ్చి అన్నయి గాదు. దయానంద్ పసుపు నా తోటే ఖరాబైంది. దాచిన. తప్పు నాదే."

"మరిప్పుడెందుకొచ్చినవ్?" అన్నడు సేటు.

"చెయ్యి ఉన్నది."

"చెయ్యికి ఎట్ల మోగుతది రత్నవ్వా?"

"మోగదు. తెలుస్తది. చూస్తవా?"

"మరి లచ్చన్న ఎందుకు?"

"ఆయన లేకుంటె కాదు."

సేటు పది కొమ్ములు తానే ఏరి తెచ్చిండు. లచ్చన్నను సంచి మీద కూసోబెట్టి, పెద్దమ్మ ఆయనను వాళ్ల పెండ్లి కాడి నుంచి మొదలుపెట్టింది. హమాలీలు పని ఇడిసి విన్నరు. సేటు కోసి చూసిండు. తొమ్మిది సరిగ్గ వచ్చినయి. పదోది తప్పింది. అప్పుడే చాయ్ వస్తే లచ్చన్న గ్లాసు అందుకొని, చాయ్ మంచిగుందని మెచ్చుకున్నడు. దేన్నన్న మెచ్చుకుంటె ఏమని తిట్టాలె? ఆమె ఆగింది, ఆగంగనే చెవి మోగింది.

"ఒకటి పోయింది" అన్నడు సేటు.

"పోయింది" అన్నది. "చాయ్ తర్వాత ఇయ్యుండ్రి. ఇంకోటి, స్టూలు గేటు కాడ ఎయ్యి. డ్రమ్ము పక్కన నేను కూసోను, ఎస్తేరును గూడ కూసోబెట్టకు. ఆమె చెవులకు బిరడలు కొనియ్యి."

సేటు స్టూలు దిక్కు, ఆగి ఉన్న డ్రమ్ము దిక్కు చూసి, ఎస్తేరుకు సైగ చేసిండు. ఎస్తేరు స్టూలు తెచ్చి గేటు కాడ వేసింది. ఈసారి తుడువలే.

ఆ రోజు మొదటి ట్రాలీ దయానంద్‌దే. ఆలస్యంగ తవ్విన రెండో మడి పంట. పెద్దమ్మను చూసి ట్రాలీ మీదికెల్లి దిగలే. ఆమెనే పోయి, నాలుగు సంచుల్లో చెయ్యి పెట్టి, లచ్చన్న చెల్లెలి పెండ్లిలో ఎవరు అలిగిండ్రో చెప్పుకుంట, నాలుగు కొమ్ములు విరిచింది.

"ఎండలే."

దయానంద్ దిగిండు. "మోగనప్పుడు మోగిందంటివి. గిప్పుడు ఎండినంక ఎండలేదంటున్నవ్. నీతోని నాకేం పగుందక్కా?"

"పగ లేదు తమ్మీ. నడుమ తడుంది."

"మోగిందా, మోగలేదా, గది చెప్పు."

"మోగుడు సంగతి నన్నడుగకు. అది నువ్వే వినుకో."

దయానంద్ ఒక కొమ్ము తీసి, చెవి కాడ పెట్టుకొని విరిచిండు. ఇంకోటి విరిచిండు. రెండు ముక్కలు చేతిలో పట్టుకొని ట్రాలీ దిక్కు కొద్దిసేపు చూసిండు. తర్వాత డ్రైవరుకు మలుపుమని చెయ్యి ఊపిండు.

"ఎన్ని రోజులు?" 

"మూడెండలు. పల్చగ ఎండబొయ్యి."

"సరే అక్కా" అన్నడు. మెండోర రోడ్డు ఎక్కిండు.

లచ్చన్న మోకాలు పట్టుకొని లేచిండు. "ఇగ నేను ఇంటికి పోవాల్నా?"

"ఏడికి పోతవ్? ఇంకా ఆరు ట్రాలీలున్నయి" అన్నది పెద్దమ్మ. "కూసో."